వార్డెన్ సంతకం

మన సంచికల్లో భూమి కోసం, అడవి కోసం మన పెద్దలు చేసిన పోరాటాల గురించి రాసుకుంటూ ఉంటాం. ఈసారి మన ఆడపిల్లలకు వేసిన ఒక టీకా గురించి, దాని కోసం పెట్టిన సంతకాల గురించి రాస్తున్నాం. అది జరిగి ఇంకా ఇరవై ఏళ్లు కాలేదు. జరిగింది ఎక్కడో కాదు, మన చింతలపూడికి ఆనుకుని ఉన్న ఖమ్మం జిల్లాలో. మేము గిరిజన బాలికల హాస్టల్‌లో వార్డెన్లుగా పనిచేస్తున్నాం. ఈ చరిత్రలో వార్డెన్ల పాత్ర కూడా ఉంది కాబట్టి మేమే చెప్పడం న్యాయం.

ముందు జబ్బు గురించి తెలుసుకుందాం. గర్భసంచి కింది భాగంలో, దాని ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సర్ ఇది. మన దేశంలో ఏటా లక్షా 20 వేలకు పైగా స్త్రీలకు వస్తోంది. 75 వేల మందికి పైగా చనిపోతున్నారు. దాదాపు ప్రతి కేసుకూ హెచ్‌పీవీ అనే వైరస్ కారణం. ఈ సంబంధాన్ని కనిపెట్టినందుకు జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. లైంగిక సంబంధం ద్వారా సోకే ఈ వైరస్ చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం ఉండిపోయి, సాధారణంగా 15, 20 ఏళ్లకు క్యాన్సర్‌గా మారుతుంది. కాబట్టి ఇది ఎవరి నడవడికకూ గుర్తు కాదు, ఎవరి శాపమూ కాదు.

వైరస్ సోకకముందే వేస్తే పనిచేసే టీకా 2006లో బయటి దేశాల్లో వచ్చింది. 2009 జులైలో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దీని మీద ఒక అధ్యయనం మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీన్ని చేపట్టాయి. 10 నుంచి 14 ఏళ్ల మధ్య ఉన్న సుమారు 14 వేల మంది బాలికలను ఎంచుకున్నారు. వారిలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు చాలామంది. ఇలాంటిదే గుజరాత్‌లోని వడోదరలోనూ జరిగింది.

తర్వాత కొందరు బాలికలు చనిపోయారన్న వార్త బయటికి వచ్చింది. మహిళా, ఆరోగ్య సంఘాలు గ్రామాలకు వెళ్లి నిజాలు సేకరించాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం అధ్యయనాన్ని ఆపేసింది. రెండు రాష్ట్రాల్లో కలిపి నమోదైన ఏడు మరణాలకు టీకా కారణమని చెప్పే ఆధారం లేదని విచారణ సంఘం తేల్చింది. అయితే 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక, ఆ మరణాలను సరిగా విచారించలేదనీ, అనుమతులు తీసుకున్న తీరు తప్పనీ గట్టిగా మందలించింది. ఆ నివేదికలోని లెక్క ఇది: మన రాష్ట్రంలో 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద ఉన్నవి హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

ఆ అంకె చూసినప్పుడల్లా మాకు తల దించుకోవాలనిపిస్తుంది. ఆ వార్డెన్లను తిట్టడానికి ఇది రాయడం లేదు. పైనుంచి కాగితం వస్తే సంతకం పెట్టడం మా ఉద్యోగంలో అలవాటు. ఆ రోజు మేము అక్కడ ఉన్నా పెట్టేవాళ్లమేమో. కానీ బిడ్డ అన్నం, చదువు, నిద్ర మా బాధ్యతే అయినా, ఆ బిడ్డ శరీరం మీద నిర్ణయం మాది కాదు. తల్లిదండ్రులకు చదువు రాకపోతే వాళ్ల భాషలో కూర్చోబెట్టి చెప్పాలి. ఊరు దూరమని వాళ్ల బదులు మేము సంతకం పెట్టకూడదు.

దీనివల్ల జరిగిన నష్టం ఇంకొకటి ఉంది. టీకా అంటేనే భయం పుట్టింది. అడగకుండా చేసినదాన్ని మనవాళ్లు అనుమానించడంలో తప్పు లేదు. కానీ జబ్బు మాత్రం ఆగలేదు.

అదే 2009లో మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా నుంచి ఒక మంచి ఫలితం వచ్చింది. సుమారు లక్షా 30 వేల మంది పల్లె స్త్రీలతో చేసిన ఆ అధ్యయనంలో, ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన ఊళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఇంకో విషయం. 2010లో టీకాలు ఆపేసినప్పుడు, మన దేశంలోనే వేరుగా జరుగుతున్న మరో అధ్యయనంలో చాలామంది బాలికలకు ఒక్క డోసు మాత్రమే అందింది. వారిని పదేళ్లు గమనిస్తే ఆ ఒక్క డోసే బాగా కాపాడుతోందని తేలింది. ఇలాంటి ఆధారాలతోనే 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు కూడా చాలని ఒప్పుకుంది. అదే ఏడాది సీరం సంస్థ తయారుచేసిన మన దేశపు టీకాకు అనుమతి వచ్చింది.

టీకా పిల్లలకు. మరి మన అమ్మలకు, పిన్నులకు, వదినలకు? వాళ్లకు పరీక్షే దారి. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని 2016లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. గర్భసంచి ముఖద్వారానికి వెనిగర్ లాంటి ద్రావణం పూసి ఒక నిమిషం ఆగుతారు. మార్పు వచ్చిన చోటు తెల్లబడుతుంది. కోత ఉండదు, మత్తు అక్కర్లేదు. క్యాన్సర్ కాకముందే దొరికితే అక్కడితోనే నయం చేయవచ్చు. నెలసరి కాని రోజుల్లో రక్తం కనబడినా, కలయిక తర్వాత రక్తం వచ్చినా, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం పోయినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా ఐదేళ్ల లెక్క చూడకుండా వెంటనే డాక్టరును కలవాలి. టీకా వేసుకున్నవాళ్లు కూడా 30 దాటాక పరీక్ష మానకూడదు.

చెల్లెళ్లారా, తమ్ముళ్లారా, చదువుకున్నది మీరే. ఎవరైనా కాగితం తెచ్చి సంతకం అడిగితే ఇది ఏమిటి, ఎందుకు, వద్దంటే ఏమవుతుంది, తర్వాత ఒంట్లో బాగాలేకపోతే ఎవరు చూస్తారు అని అడగండి. సమాధానం ఇంట్లో పెద్దలకు కోయలోనో, లంబాడీలోనో, తెలుగులోనో అర్థమయ్యేలా చెప్పండి. ఆ తర్వాత వాళ్లే నిర్ణయించుకుంటారు. అలాగే ఈ వారం మీ ఊరి ఏఎన్ఎమ్ అక్కను కలిసి పరీక్ష ఎక్కడ, ఏ రోజు చేస్తారో కనుక్కోండి. ఆ రోజు అమ్మ కూలికి వెళ్లకుండా ఆపి, తోడు వెళ్లండి. మా హాస్టల్లో మాత్రం తల్లీతండ్రీ వచ్చి, విని, ఒప్పుకుంటేనే ఏ టీకా అయినా. వాళ్ల చోట మేము సంతకం పెట్టం.