ఘ్రాణలోపం (నాడీక్షయ వ్యాధుల్లో)

వాసన పసిగట్టే శక్తి తగ్గడం లేదా పూర్తిగా పోవడం. పార్కిన్‌సన్స్ రోగుల్లో ఎక్కువమందికి ఉంటుంది. చేతి వణుకుకన్నా ఏళ్ల ముందే మొదలుకావచ్చు. అయినా దీనికోసం డాక్టరు దగ్గరికి వెళ్లేవారు అరుదు. గణపవరం వంటి కొల్లేటి చేరువ ఊళ్లలో ఎండుచేపలు వేపితే పక్కింటికీ తెలుస్తుంది. పొయ్యి దగ్గరున్న మనిషికే తెలియకపోతే ఇంట్లోవాళ్లు పడిశం అనుకుంటారు. చాలాసార్లు పడిశమే, కాకపోతే వయసు. ఈ ఒక్క లక్షణంతో వ్యాధిని తేల్చరు.

ముక్కు పైభాగంలోని నాడీకణాలు వాసన సంకేతాన్ని మెదడు అడుగునున్న ఘ్రాణకందానికి చేరవేస్తాయి. పార్కిన్‌సన్స్‌లో ఆల్ఫా సైన్యూక్లిన్ ప్రోటీను అక్కడ తొలిదశలోనే ముద్దకడుతుందని జర్మనీకి చెందిన హైకో బ్రాక్ బృందం 2003లో ప్రతిపాదించింది. అల్జీమర్స్‌లో వాసన తగిలినా అది దేనిదో చెప్పలేకపోవడం ప్రధానంగా కనిపిస్తుంది. పార్కిన్‌సన్స్‌కు వాడే లెవోడోపా మందు కదలికలను మెరుగుపరుస్తుంది గాని వాసనను తిరిగి తేలేదు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 1980ల్లో రూపొందించిన పరీక్షలో 40 వాసనలుంటాయి; కాగితంపై గీకి చూడాలి. వాటిలో అమెరికావారి రూట్ బీరు కూడా ఉంది. ఇంగువ తిరగమోతతో పెరిగిన మనిషి దాన్ని గుర్తుపట్టకపోతే ముక్కుది తప్పనలేం. అందుకే మన దేశంలో ఇక్కడివారికి పరిచయమైన వాసనలతో ఒక పరీక్షను తయారుచేశారు.

లీకు తెలియడానికి వంటగ్యాసులో కలిపే ఈథైల్ మెర్‌కాప్టన్ ఘాటు కూడా ఘ్రాణలోపం ఉన్నవారికి అందకపోవచ్చు. ఇలాంటివారున్న ఇంట్లో గ్యాసు అలారం పెట్టించుకోవాలి; చేప తాజాదో కాదో మరొకరు చూసి చెప్పాలి.