ఒక సంఖ్యలో ఇమడని కొలత

రవిక కుట్టించుకొనదలచిన స్త్రీ దర్జీకి కొలతలిచ్చును; లేదా తనకు చక్కగా అమరిన పాత రవికను ఆదిగా ఇచ్చును. అచ్చట గుడ్డ మనిషి ననుసరించును. జీన్స్ అంగడిలో ఈ క్రమము తలక్రిందులు. ముందే కుట్టిన పంట్లాములు సంఖ్యల వారీగా దొంతరలు పేర్చియుండును. మనిషియే వానిలో నొకదాని ననుసరింపవలెను. తుంటికి పట్టినది నడుము వెనుక వదులై నిలుచును. నడుమునకు సరిపోయినది తుంటి దాటి పైకి రాదు. చివరకు తన శరీరమునందే లోపమున్నదని సిగ్గుపడి వట్టిచేతులతో మరలివచ్చిన ఆడపిల్లలను మేమెరుగుదుము. ఆ సిగ్గు న్యాయమైనదేనా? సమాధానమునకై ఈ దుస్తు పుట్టిన అమెరికా దేశపు చరిత్రను చూడవలెను.

జీన్స్ మొదట పురుషుల పనిబట్ట. పంట్లాముల జేబులకు లోహపు రివెట్లు బిగించి గట్టిపరచు పద్ధతికి 1873 మే 20న జేకబ్ డేవిస్, లెవీ స్ట్రాస్ సంస్థ పేటెంటు పొందిరి. ఆ సంస్థ ప్రత్యేకముగా స్త్రీలకొరకు జీన్స్ కుట్టినది 1934లో, అనగా 61 సంవత్సరముల పిమ్మట. పురుషుల జీన్స్‌కు నడుమును, కాలి పొడవును అంగుళములలో వేరువేరుగా చెప్పు ఆచారము నిలిచినది. స్త్రీలకు మాత్రము అంగుళములతో పొత్తులేని ఒకే సంఖ్య దక్కినది.

ఆ సంఖ్యకు ఆధారము వెదకుటకై అమెరికా వ్యవసాయ శాఖలోని గృహార్థశాస్త్ర విభాగము 1939-40లో సుమారు 15,000 మంది స్త్రీలను కొలిపించెను. ఒక్కొక్కరికి 59 కొలతలు. రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్ 1941లో ఫలితములను ప్రకటించిరి. పని పెద్దదే, లోపమును పెద్దదే. శ్వేతజాతి స్త్రీల కొలతలను మాత్రమే లెక్కలోనికి గైకొని, తక్కిన వారివి త్రోసివేసిరి.

1958లో ఆ కొలతల నాధారము చేసికొని ప్రభుత్వము ఒక ప్రమాణము వెలువరించెను. అందు సంఖ్యతోపాటు పొట్టి, మధ్యమము, పొడవు అను మూడు ఎత్తులును, తుంటికి సన్నము, సామాన్యము, నిండు అను మూడు తరగతులును కలవు. ఒక్క సంఖ్య చాలదని ప్రమాణకర్తలే గ్రహించిరన్నమాట! అయితే లెక్క ప్రకారము ప్రతి సంఖ్యకు తొమ్మిది రకములు కుట్టవలెను. తొమ్మిది నమూనాలు, తొమ్మిది దొంతరలు, అమ్ముడుపోక మిగులు సరుకు! చౌకగా అమ్మువానికి ఇది భరింపరాని వ్యయము. కావున ఒక నడిమి కొలతకు నమూనా గీచి, దానినే లెక్క ప్రకారము పెంచుచు, తగ్గించుచు తక్కిన సంఖ్యలు కుట్టుట వర్తకులకు సులువైన మార్గమయ్యెను. మనుష్యులు మాత్రము ఆ లెక్క ప్రకారము పెరుగరు.

ఆ ప్రమాణమును 1983లో ఉపసంహరించిరి. అటుపిమ్మట ఏ సంస్థ సంఖ్య దానిదే. కొనువారిని సంతోషపెట్టుటకై పెద్ద కొలతకు చిన్న సంఖ్య వేయు వాడుక ప్రబలినది. 1958 నాటి ఎనిమిదవ సంఖ్యకు నడుము 23.5 అంగుళములు, నేటి ఎనిమిది అంతకంటె ఎంతో వెడల్పు.

ఆ 1958లోనే డ్యూపాంట్ సంస్థ శాస్త్రజ్ఞుడు జోసెఫ్ షివర్స్ స్పాండెక్స్ అను సాగెడు నూలును రూపొందించెను. అనంతర కాలమున అది డెనిమ్ గుడ్డలోనికి వచ్చినది. కత్తిరింపులోని లోపమును గుడ్డ సాగి కొంత కప్పిపుచ్చుచున్నది; సాగుగుణము సడలిననాడు లోపము మరల బయటపడును.

కలిగినవారు వెల హెచ్చైనను తమ కమరిన రకమును వెదకి కొందురు. సామాన్య స్త్రీ చౌకది కొని, నడుము బిగింపునకును, కాళ్ళ మడతకును దర్జీకి మరల కూలి ఇచ్చును. వర్తకుడు మిగుల్చుకొన్న ఖర్చును ఆమె చెల్లించుచున్నది.

కావున అంగడికి పోవు సోదరీమణులకు మా మనవి ఒక్కటే. మీకు చక్కగా అమరిన పాత జీన్స్ ఒకటి ఇంట నున్నచో, దాని నడుమును, తుంటిని, కాలి లోపలి పొడవును టేపుతో కొలిచి కాగితముపై వ్రాసికొనిపొండు. అంగడిలో చీటీపై సంఖ్యను గాక గుడ్డను కొలువుడు. రవికకు ఆది ఇచ్చుట మన ఇండ్ల ఆడవారికి క్రొత్త కాదు. అది సరిపడనినాడు తప్పు సంఖ్యది. మీ నడుముది కాదు.