తెల్లని వెలుగు.. ఎదుటివారికి చీకటి

కార్లకు హెచ్‌ఐడీ దీపాలు: బల్బు మార్చినంత మాత్రాన సరిపోదు

మధ్యలో డివైడర్ లేని రెండు వరుసల రహదారులపై రాత్రి ప్రయాణం చేసేవారికి ఎదుటి వాహనం వెలుగే పెద్ద పరీక్ష. నీలిఛాయ కలిసిన తెల్లని కాంతి ఒక్కసారిగా కంటిపై పడితే కొన్ని క్షణాలపాటు ముందున్నదేదీ కానరాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్ల దూరం సాగిపోతుంది. దారి అంచున నడిచే పాదచారి, దీపం లేని సైకిలు, నిలిపి ఉంచిన ట్రాక్టరు ట్రక్కు ఆ కొద్ది దూరంలోనే ఉండవచ్చు. హాలోజన్ బల్బు తీసివేసి హెచ్‌ఐడీ దీపం అమర్చుకోదలచిన వాహనదారులు ముందుగా తెలుసుకోవలసిన విషయాలివి.

ఎలా వెలుగుతుంది?

హాలోజన్ బల్బులో సన్నని టంగ్‌స్టన్ తీగ వేడెక్కి కాంతినిస్తుంది. హెచ్‌ఐడీ దీపంలో తీగ ఉండదు. చిన్న గాజు గోళంలో జినాన్ వాయువు, లోహ లవణాలు నింపి ఉంటాయి. బ్యాలస్ట్ అనే పరికరం బ్యాటరీలోని 12 వోల్టులను క్షణకాలం 20 వేల వోల్టులకు పైగా పెంచి, రెండు ఎలక్ట్రోడ్ల నడుమ ఆర్క్‌ను రగిలిస్తుంది. ఆ తరువాత దీపం 35 వాట్లతోనే వెలుగుతుంది. పూర్తి కాంతి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది.

డి2ఎస్ రకం హెచ్‌ఐడీ దీపం సుమారు 3,200 లూమెన్ల కాంతినిస్తుంది. చాలా కార్లలో కనిపించే హెచ్‌4 హాలోజన్ బల్బు డిమ్‌లో 55 వాట్లు వాడుకొని ఇచ్చేది సుమారు 1,000 లూమెన్లే. తక్కువ విద్యుత్తుతో మూడింతల వెలుగు కావడంతోనే దీనిపై మోజు పెరిగింది. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు ద్వారా ఈ దీపాలు తొలిసారి రోడ్డెక్కాయి.

చిక్కంతా రిఫ్లెక్టర్‌తోనే

బల్బు ఇచ్చే కాంతి వేరు, రోడ్డుపై పడే కాంతి వేరు. బల్బు వెలుగును ఎటు మళ్లించాలో నిర్ణయించేది దాని వెనుకనున్న రిఫ్లెక్టర్. హాలోజన్ దీపపు రిఫ్లెక్టర్‌ను తీగ ఉండే చోటును, దాని ఆకారాన్ని లెక్కించి తయారుచేస్తారు. హెచ్‌4 బల్బులో డిమ్ తీగ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. రిఫ్లెక్టర్ కింది భాగంపై కాంతి పడకుండా అది అడ్డుకుంటుంది. అందువల్లనే డిమ్ వెలుగు పైకి లేవదు.

అదే రిఫ్లెక్టర్‌లో హెచ్‌ఐడీ బల్బు పెడితే కాంతి మూలం ఆకారం మారిపోతుంది. వెలుగు చెదిరి ఎదుటి డ్రైవరు కళ్లలో పడుతుంది. కారుకు దగ్గరగా నేల మరీ ప్రకాశవంతమైతే నడిపేవారి కంటిపాప సైతం కుంచించుకుపోయి, దూరాన ఉన్నది సరిగా కనిపించదు. ఐరోపా నిబంధనల ప్రకారం 2,000 లూమెన్లు దాటిన డిమ్ దీపాలకు లైటు కోణాన్ని తానుగా సరిచేసే ఏర్పాటు, అద్దం కడిగే ఏర్పాటు ఉండాలి. వెనుక సీట్లో బరువు పెరిగితే కారు ముందుభాగం పైకి లేవడం, అద్దంపై దుమ్ము కాంతిని చెదరగొట్టడమే ఇందుకు కారణం.

రంగు విషయంలోనూ అపోహ ఉంది. కంపెనీలు అమర్చే దీపాలు సుమారు 4,300 కెల్విన్ స్థాయిలో ఉంటాయి. 8,000 కెల్విన్ వంటి నీలి దీపాల్లో వెలుగు పెరగదు, తగ్గుతుంది.

చట్టం ఏమంటోంది?

ఎదుటివారి కళ్లు మిరుమిట్లు గొలపకుండా హెడ్‌లైటు కాంతి కిందికి వంగి ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 106వ నిబంధన నిర్దేశిస్తోంది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించేందుకు 2019 చట్ట సవరణలోని 182ఎ సెక్షన్ వీలు కల్పిస్తోంది.

మార్చుకోదలచినవారికి..

* బల్బు ఒక్కటే కాక, హెచ్‌ఐడీ కోసమే తయారైన ప్రొజెక్టర్ లెన్సుతో కూడిన పూర్తి లైటు ఉండాలి. దాన్ని మీ వాహనానికి అమర్చుకునే అనుమతి ఉందో లేదో రవాణా శాఖ కార్యాలయంలో ముందే తెలుసుకోవాలి.
* మన వాహనాలు ఎడమవైపు నడుస్తాయి. కుడివైపు నడిచే దేశాల కోసం చేసిన లైట్లు కుడి అంచున వెలుగును పైకి చిమ్ముతాయి. అవి ఇక్కడ ఎదుటివారికి ప్రమాదకరం.
* బ్యాలస్ట్‌లో అధిక వోల్టేజీ ఉంటుంది. బ్యాటరీ కనెక్షన్ తీయనిదే ముట్టరాదు. బల్బు గాజును చేతివేళ్లతో తాకరాదు.
* డి1, డి2 రకాల్లో పాదరసం ఉంటుంది. పగలగొట్టి చెత్తలో వేయరాదు.

తక్కువ ఖర్చు మార్గం

కాంతి తగ్గిందనుకునేవారు ముందుగా పసుపుబారిన హెడ్‌లైటు అద్దాన్ని పాలిష్ చేయించాలి. హాలోజన్ బల్బుకు అందే వోల్టేజీ 5 శాతం తగ్గినా వెలుగు సుమారు 15 శాతానికి పైగా పడిపోతుంది. రిలేతో కూడిన మంచి వైరింగ్ ఈ లోటును తీరుస్తుంది. చివరగా లైటు ఎత్తు సరిచూడాలి. సమతలంపై కారు నిలిపి 10 మీటర్ల దూరంలోని గోడపై డిమ్ వెలుగు వేస్తే, దాని పై అంచు లైటు మధ్యభాగం ఎత్తుకు సుమారు 10 సెంటీమీటర్లు దిగువన ఉండాలి. హాలోజన్ లైట్లలో బిగించే ఎల్‌ఈడీ బల్బులకు కూడా రిఫ్లెక్టర్ విషయంలో ఇదే సూత్రం వర్తిస్తుంది.