నేలపీట నుండి ఎత్తుబల్ల వరకు

వడ్రంగి పని యనగానే మనకు ఉలి, బాడిశ, చిత్రిక, రంపము స్ఫురించును. పనిముట్టు వాడి మొనను గూర్చి మనము చర్చింతుము. కొయ్య జాతిని గూర్చి చర్చింతుము. కాని పని యే యెత్తున జరుగుచున్నదని విచారించువారు అరుదు. పనివాని నడుము అరువది యేండ్లవరకు నిలుచునా, నలుబదవ యేటనే మొరాయించునా యనునది చాలవరకు ఆ యెత్తుపైననే ఆధారపడియున్నది. కనుక ఈ ప్రసంగమున కొయ్యపని యెత్తుయొక్క చరిత్రను కొంత పరికింతము.

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు నల్లమల కొండల తూర్పు అంచున నున్నవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశము జిల్లా యను పేరు వచ్చినది. అంతకు పూర్వము ఈ సీమ కర్నూలు జిల్లాలోనిది. టేకు, నల్లమద్ది, ఏగిస, చిరుమాను మున్నగు చెట్లు నల్లమల సంపద. పంతొమ్మిదవ శతాబ్ది చివర నంద్యాల నుండి కొండల నడుమగా గిద్దలూరు, కంభముల మీదుగా గుంటూరు వైపునకు రైలుదారి పడినది. అడవి కొయ్యకు, మార్కాపురపు రాతికి దూరదేశముల బజారులు అందినవి.

ఆ రాయి యే మన చిన్ననాటి పలక. గనిలో తీసిన రాతిని పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చుట్టును కొయ్య చట్రము బిగించిననే గాని అది పిల్లవాని చేతికి రాదు. మార్కాపురపు పలక రాతిపని ఎంతయో, కొయ్యపనియు అంతయే. చట్రమునకు కావలసినవి నాలుగు సన్నని బద్దలు. వానిని చిత్రిక పట్టుటకు పెద్ద బల్ల అక్కరలేదు. పనివాడు నేలపై కూర్చుండి, కాలి వ్రేళ్ళతో బద్దను అదిమిపట్టి, రెండు చేతులతో పని సాగించును. మన వడ్రంగికి పాదమే పట్టుకారు, నేలయే బల్ల. తేలికైన చిన్న పనికి ఈ పద్ధతి యెంతయో అనుకూలము.

దీనిని వెనుకబాటుతనమని తలచుట పొరపాటు. జపాను వడ్రంగులు నేలపైననే అతి సూక్ష్మమైన పని చేసి లోకమును మెప్పించినారు. ప్రాచీన రోము రాజ్యమునను మోకాలి యెత్తు బల్లలు వాడుకలో నుండెను. వానిపై కూర్చుండియు, కాలు మోపియు పని చేసెడివారు. నిలుచుండి పనిచేయు యెత్తైన బల్ల ఐరోపాలో క్రమముగా ప్రబలినది. 1769లో మొదలై సంపుటములుగా వెలువడిన తన వడ్రంగి గ్రంథమున ఫ్రెంచి శిల్పి ఆంద్రే రూబో, బల్ల యెత్తు పనివాని దేహమును బట్టి యుండవలెనని చెప్పెను. మనిషికి తగిన బల్ల కావలెను గాని, బల్లకు తగినట్లు మనిషి వంగరాదు. అసలు సూత్రము ఇదియే.

ద్వారబంధములు, బండిచక్రములు, దేవుని రథములు వచ్చుసరికి నేలపీట చాలదు. లెక్క చూతము. ఆరిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగును. 8 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 2 అంగుళముల మందము గల చెక్క 24 కిలోల బరువు. నల్లమద్ది యైనచో 30 కిలోలకు మించును. అట్టి టేకు చెక్కలు దినమునకు 20 ఎత్తి దించినచో, పనివాని నడుముపై నడచిన బరువు 960 కిలోలు, అనగా ఇంచుమించు ఒక టన్ను.

మన పెద్దలు ఈ చిక్కును ఎరుగక పోలేదు. పెద్ద దూలమును కోయునపుడు గోతిపై దానిని నిలిపి, ఒకడు పైనను, ఒకడు గోతిలోను నిలుచుండి రంపము లాగెడివారు. కొయ్యను పైకెత్తుటకు బదులు మనిషిని క్రిందికి దింపిరి! చెక్కను కోయవలసినపుడు ఇంటి అరుగే బల్లయైనది. వీధిలో నిలిచినవానికి అరుగు నడుమెత్తున నుండును గదా. కదలని రథమునకు చక్రము క్రింద మీటుకొయ్య వేసి పైకి లేపుట మనము ఉత్సవములలో చూచినదే. గోయి, అరుగు, మీట — ఈ మూడును ఎత్తును జయించిన ఉపాయములే.

విద్యుచ్ఛక్తితో తిరుగు రంపపుబల్ల, చిత్రికయంత్రము ఇంటి పాకలోనికి వచ్చిన తరువాత కథ మారినది. యంత్రము ఎత్తు స్థిరము, అది వంగదు. వంగవలసినవాడు మనిషియే. మా పెరటి పాకలో మేమును చాలకాలము ఇటుకలు పేర్చి, వానిపై చెక్క చివరను ఆనించి రంపమునకు అందించెడివారము. ఒకనాడు సగము కోతలో ఇటుకల వరుస ఒరిగెను. చెక్క మెలికపడి రంపపు పండ్లలో బిగిసి, మా వైపునకు ఎగిరెను. చేతికి తగిలినది చిన్న గాయమే. కాని నాడు మాకు తెలిసినది: ఎత్తు కుదరకపోవుట నడుమునకే గాక ప్రాణమునకును ముప్పు.

ఇట్టి చోట ఉపయోగపడునదే ఎత్తు మార్చుకొను బల్ల. దీని మూలసూత్రము పాతదే. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకు సమానముగా ప్రసరించునని పాస్కల్ వ్రాసిన గ్రంథము, ఆయన మరణానంతరము 1663లో అచ్చయినది. దానిని ఆధారము చేసికొని 1795లో జోసెఫ్ బ్రామా యను ఆంగ్లేయుడు ద్రవపు ఒత్తిడి యంత్రమునకు హక్కుపత్రము పొందెను. ఈ బ్రామా యెవరు? రైతు బిడ్డ, కాలికి దెబ్బ తగిలి పొలము పనికి పనికిరాక, వడ్రంగము నేర్చినవాడు. కొయ్యపనివాని నడుమును కాపాడు సాధనమునకు మూలపురుషుడు కొయ్యపనివాడే యగుట ముచ్చటైన విషయము.

పని తీరు సులభము. బల్ల క్రింద కత్తెరవలె అడ్డముగా కూర్చిన ఉక్కుకాళ్ళుండును. కాలితో మీటను త్రొక్కగా, చిన్న గొట్టములోని నూనె పెద్ద గొట్టములోనికి పోయి ముషలమును నెట్టును. పెద్ద ముషలము వైశాల్యము చిన్నదానికి 20 రెట్లైనచో, 10 కిలోల త్రొక్కుడు 200 కిలోల బలమగును. అయితే ఉచితముగా వచ్చునది లేదు. పెద్దది అంగుళము లేచుటకు చిన్నది మొత్తము 20 అంగుళములు నడువవలెను. అందుకే పలుమార్లు త్రొక్కవలసివచ్చును. నూనె వెనుకకు పోకుండ కవాటము అడ్డుకొనును. దానిని మెల్లగా వదలిన బల్ల మెల్లగా దిగును.

బండి నుండి చెక్కలను దాని యెత్తుననే అందుకొని, యంత్రము సరసకు త్రోసికొనిపోయి, రంపపుబల్లతో సమముగా నిలుపవచ్చును. బీరువాను కూర్చునపుడు మోకాలి దాకా దింపవచ్చును. చెక్కడపు పనికి మోచేతికంటె కొంచెము పైకి, బలముగా చిత్రిక పట్టుటకు మోచేతికి జానెడు క్రిందికి అమర్చుకొనవచ్చును. తండ్రికొక యెత్తు, కొడుకుకొక యెత్తు. బల్ల మాత్రము ఒక్కటే.

కొన్ని జాగ్రత్తలు మరువరాదు. బల్లపై వ్రాసిన బరువును మించరాదు. బరువును అంచున గాక నడుమ ఉంచవలెను. చక్రములు బిగించనిదే కోత మొదలిడరాదు. లేచిన బల్ల క్రింద గట్టి ఊతకొయ్య లేనిదే చేయి పెట్టరాదు. నూనె గొట్టము నమ్మదగినదే గాని, ప్రాణము అప్పగించదగినది కాదు.

కొనలేనివారు నిరాశ చెందనక్కరలేదు. రంధ్రముల వరుస గల రెండు గుంజలు, వానిలో దిగు ఇనుప చీలలు, పైన అడ్డకొయ్య — ఇంతమాత్రముతో నాలుగైదు యెత్తులకు అమరు ఆధారము ఇంటనే సిద్ధమగును. ఇటుకల వరుసకంటె అది వేయి రెట్లు మేలు.

రేకు పలకలు, ప్లాస్టికు పలకలు వచ్చి మార్కాపురపు రాతిపలకను వెనుకకు నెట్టినవి. రాయి నేలకు, గోడకు పరచు బండలై క్రొత్త దారి వెదకుకొన్నది. పలకతోపాటు చట్రము కట్టు చేతులకును పని తగ్గినది. మిగిలిన చేతుల నేర్పు ఇంకొక తరమునకు అందవలెనన్నచో, నేర్పువాని నడుము నిలువవలెను. నడుము విరిగిన తండ్రిని చూచిన కొడుకు ఉలి పట్టునా? కొయ్యను గౌరవించు మనము, కొయ్యను మోయువానిని గూడ గౌరవింతము. బల్లను అతని యెత్తునకు లేపుట ఆ గౌరవమునకు మొదటి మెట్టు.