కంకిపాడు నుండి బర్మింగుహాము వఱకు

1852-55 నడుమ బెజవాడ కడ కృష్ణకు అడ్డముగ ఆనకట్ట లేచిన నాఁటికి, టెర్జాఘీ 1925లో గ్రంథరూపమున స్థిరపఱచిన మృత్తికాయంత్రశాస్త్రము పుట్టనే లేదు. అయినను ఇసుకనేలపై పునాది నిలుపు మర్మమును ఆంగ్లేయ ఇంజనీరగు కాటను దొర కావేరిపైని పురాతనమగు కల్లణై ఆనకట్ట నుండి గ్రహించి యుండెను.

కృష్ణా డెల్టాలోని కంకిపాడున 1902లో జన్మించిన కానూరి లక్ష్మణరావుగారు, మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగులో స్నాతకోత్తర పట్టమును తొలుత నందినవారై, పిదప బర్మింగుహామున డాక్టరేటు గడించిరి. ఇట్టి పాండిత్యము గ్రంథాలయముననే నిలిచిపోవుట మనకు వింత కాదు. ఆయన విషయమున నట్లు కాలేదు. 1952లో గండిపడిన పాత ఆనకట్ట స్థానమున 1957 నాఁటికి ప్రకాశం బ్యారేజి వెలయఁగా, రావుగారు 1962లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికై, కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖలను నిర్వహించిరి. గంగను కావేరితోఁ గలుపవలెనని 1972లో ఆయన ప్రతిపాదించిన బృహత్ప్రణాళిక మాత్రము వ్యయాధిక్యముచేఁ గాగితముపైననే యుండిపోయెను.