1895 నాటి బగ్ రిపోర్టు

టెస్టింగ్ వాళ్ళు నెలల తరబడి వెతికినా దొరకని బగ్గు, ఒక్కోసారి మామూలు యూజర్ పంపిన రెండు లైన్ల మెయిల్లో దొరుకుతుంది. మనవాళ్ళేమో దాన్ని సరిగ్గా చదవకుండానే "మా మెషీన్లో బానే పనిచేస్తోందే!" అని మూసేస్తారు. వైద్యచరిత్రలో అలాంటి బగ్గు ఒకటి వందేళ్ళ పైచిలుకు తెరిచే ఉంది.

1895లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే పాథాలజిస్టుకి బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ తారసపడింది. ఎందుకలా దిగులుగా ఉన్నావని అడిగితే, తను చిన్న వయసులోనే పోతానని చెప్పిందట. మా ఇంట్లో అందరూ పేగుల్లోనో, గర్భసంచిలోనో క్యాన్సర్ వచ్చి పోతున్నారు, నేనూ అంతే అంది. వార్తిన్ ఆ మాటను కొట్టిపారెయ్యలేదు. ఆ వంశం చెట్టు గీసి 1913లో ప్రచురించాడు. ఆవిడ మాత్రం అన్నట్టుగానే గర్భసంచి లోపలి పొరకొచ్చే క్యాన్సర్ తోనే పోయింది.

తర్వాత దాదాపు యాభై ఏళ్ళు ఆ సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1960లలో ఒమాహాలో హెన్రీ లించ్ అనే డాక్టరుకి ఇలాంటిదే ఇంకో కుటుంబం దొరికింది. 1966లో రెండు పెద్ద కుటుంబాల వివరాలు ప్రచురించాడు. క్యాన్సర్ వంశంలో రావడమేమిటి, అంతా వాతావరణం వల్లో, వైరస్ ల వల్లో అనుకునే రోజులవి. ఆయన పరిశోధనకి డబ్బులివ్వడానిక్కూడా చాన్నాళ్ళు ఎవరూ ముందుకు రాలేదు.

ఇంతకీ బగ్గు ఎక్కడుంది? రామకోటి రాసేవాళ్ళని చూడండి. ఒకే మాట పదే పదే రాస్తుంటే ఎక్కడో ఒకటి ఎక్కువో తక్కువో పడుతుంది. డీఎన్ఏలోనూ ఒకే అక్షరాలు మళ్ళీ మళ్ళీ వచ్చే చోట్లున్నాయి. కణం విడిపోయేముందు కాపీ చేసుకునేటప్పుడు అక్కడే లెక్క తప్పుతుంది. మామూలుగా ఆ తప్పుల్ని దిద్దే ప్రూఫ్ రీడర్ జన్యువులు కొన్ని ఉంటాయి. అవి చెడిపోతే తప్పులు పేరుకుపోతాయి. 1993లో కణితుల్లో ఈ అస్థిరతను గమనించారు. అదే ఏడాది ఎమ్ఎస్‌హెచ్2 అనే జన్యువు దొరికింది. అంతకుముందే బాక్టీరియాలో ఈ దిద్దుబాటు ఎలా జరుగుతుందో తేల్చిన పాల్ మోడ్రిచ్ కి 2015లో నోబెల్ వచ్చింది.

2000లో ఆ కుట్టుపని ఆవిడ వంశంలోనూ ఎమ్ఎస్‌హెచ్2లోనే లోపం కనిపెట్టారు. రిపోర్టు ఇచ్చింది 1895లో, కారణం తేలింది 2000లో! మనం జబ్బుకి లించ్ పేరు పెట్టుకున్నాం. నన్నడిగితే మొదటి పేరు ఆవిడదే ఉండాలి.

అయితే కంగారు పడొద్దు. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్లలో సుమారు పావువంతుకి ఈ అస్థిరత ఉంటుంది గానీ, వాటిలో ఎక్కువ భాగం వంశపారంపర్యం కాదు. ఆ కణితిలోనే ఎమ్ఎల్‌హెచ్1 అనే జన్యువు మూగబోవడం వల్ల వచ్చినవి. ఇంకో మంచి మాట: తప్పులెక్కువున్న కణితిని మన రోగనిరోధక వ్యవస్థ సులువుగా గుర్తుపడుతుంది. అందుకే 2017లో అమెరికాలో, ఏ అవయవంలో పుట్టిందని కాకుండా ఈ లోపాన్ని బట్టే ఒక మందుకి అనుమతిచ్చారు.

మరి మన సంగతి? గర్భసంచి ఆపరేషన్లు దేశంలో బాగా ఎక్కువగా జరిగే చోట్లలో ఆంధ్ర, తెలంగాణ ముందుంటాయి. ఇంట్లో అడిగితే "ఏదో ఆడవాళ్ళ జబ్బులే, తీసేశారు" అంటారు. ఎందుకు తీశారో, బయాప్సీలో ఏం వచ్చిందో ఎవరికీ గుర్తుండదు, కాగితాలూ ఉండవు. గోత్రం, ముత్తాత పేరు మాత్రం గడగడా చెప్తాం. మేనత్త, పిన్ని, అమ్మమ్మ దేనితో పోయారో చెప్పలేం. లించ్ లక్షణమున్న ఇంట్లో ఆ ఒక్క వాక్యంతో కూతురు ముందే పరీక్ష చేయించుకోవచ్చు, కొడుకు సమయానికి పేగు కొలనోస్కోపీ చేయించుకోవచ్చు.

ఈసారి ఊరెళ్ళినప్పుడు పెద్దవాళ్ళని మొహమాటపడకుండా అడగండి. అడిగింది రాసిపెట్టుకోండి. 1895లో ఆవిడ ఎవరూ అడక్కముందే తన ఇంటి లెక్క తెలుసుకుని ఉంది. మనకి అడగడానిక్కూడా సిగ్గేమిటి?