ప్రేమా కాదు, ఉన్మాదమూ కాదు: మలబార్ హిల్ హత్యకు నూరేళ్లు

మన పత్రికలు జనానికి అలవాటు చేసిన మాటల్లో ‘ప్రేమోన్మాది’ ఒకటి. డెస్కులో పనిచేసిన తొలి సంవత్సరాల్లో ఆ మాటను నేను ఎన్ని శీర్షికల్లో పెట్టానో లెక్కలేదు. ఏదో ఒక జిల్లా నుంచి వార్త వచ్చేది. కత్తి, లేదా యాసిడ్ సీసా, కాదన్న అమ్మాయి, పారిపోయిన యువకుడు. ‘ప్రేమోన్మాది ఘాతుకం’ అని శీర్షిక పెట్టి పేజీ పంపేసేవాళ్లం. ఆ రెండు మాటలతో విషయమంతా చెప్పేశామనుకునేవాళ్లం. అతడు ఎన్ని నెలలుగా వెంటపడ్డాడో, ఆమె ఎవరెవరికి చెప్పుకుందో, విన్నవాళ్లు ఏం చేశారో అడగాలన్న ఆలోచనే వచ్చేది కాదు. పిచ్చివాడి పనికి కారణాలు వెదకడం దేనికి?

ఆ మాటలో రెండు అబద్ధాలున్నాయని నాకు అర్థమైంది చాలా ఏళ్ల తరువాత, ఒక పాత రాజకీయ కుంభకోణం గురించి చదువుతున్నప్పుడు. ఆ కుంభకోణంలో ఒక మహారాజు సింహాసనం పోయింది. ఒక యువ వర్తకుడి ప్రాణం పోయింది. వీటన్నిటికీ కేంద్రంగా ఉన్నది ఒక యువ నర్తకి. ఆమె పేరు ముంతాజ్ బేగం. ఆమె చేసిన ‘నేరం’ ఒక్కటే: వెళ్లిపోతానని చెప్పి, నిజంగానే వెళ్లిపోవడం.

1925 జనవరి 12 సాయంత్రం. బొంబాయిలోని మలబార్ హిల్ అప్పటికే ధనికుల నివాస ప్రాంతం. పాతికేళ్ల వస్త్రవ్యాపారి, నగర పాలక సంస్థ సభ్యుడు అబ్దుల్ ఖాదిర్ బావ్లా, ముంతాజ్ కారులో షికారుకు వెళుతున్నారు. వెనుక నుంచి వచ్చిన మరో కారు వారి కారును ఢీకొట్టి ఆపింది. అందులోనుంచి దిగినవారు బావ్లాను దూషిస్తూ, ఆమెను దింపమని అరిచారు. బావ్లాపై కాల్పులు జరిపారు. ముంతాజ్‌ను ఈడ్చుకుపోవడానికి ప్రయత్నించి, ఆమె ముఖంపై కత్తితో కోశారు. సరిగ్గా అదే సమయంలో గోల్ఫ్ ఆట ముగించుకుని వస్తున్న కొందరు బ్రిటిష్ సైనికాధికారులు దారి తప్పి ఆ రోడ్డులోకి వచ్చారు. వారు కలగజేసుకోవడంతో అపహరణ ఆగిపోయింది. ఆ పెనుగులాటలో ఒక అధికారికి తూటా గాయమైంది. దుండగుల్లో కొందరు అక్కడే దొరికిపోయారు. బావ్లా మరణించాడు. ఆ కారు తోవ తప్పకపోతే ఈ ఉదంతం చరిత్రకు ఎక్కేదే కాదు. ఒక వర్తకుడి హత్య, ఒక నర్తకి అదృశ్యం అని పోలీసు దస్త్రంలో రెండు పంక్తులుగా మిగిలిపోయేది.

పట్టుబడినవారి వెనుక దారి పట్టుకుని వెళితే అది ఇండోర్ సంస్థానానికి చేరింది. అక్కడి పాలకుడు మూడవ తుకోజీరావు హోల్కర్. ముంతాజ్ పదేళ్లపాటు ఆయన వద్ద ఉంది. హత్య జరిగేనాటికి ఆమెకు ఇరవై దాటాయంతే. అంటే ఆ కోటలోకి అడుగుపెట్టేనాటికి ఆమె బాలిక. ఎప్పుడూ ఎవరో ఒకరు తనపై నిఘా ఉంచేవారనీ, బంధువులను కలిసినా పక్కన ఒక మనిషి ఉండేవాడనీ ఆమె తరువాత న్యాయస్థానంలో చెప్పింది. తనకు ఆడపిల్ల పుట్టిందనీ, ఆ బిడ్డను అక్కడి నర్సులు చంపారనీ, అందుకే ఇండోర్‌లో ఉండలేకపోయాననీ కూడా చెప్పింది.

ఆమె తప్పించుకుని అమృత్‌సర్ చేరింది. నిఘా అక్కడికీ వచ్చింది. మహారాజు కన్నీళ్లు పెట్టుకుంటున్నాడనీ, తిరిగి రమ్మని వేడుకుంటున్నాడనీ కబుర్లు అందాయి. ఆమె రానన్నది. బొంబాయికి వెళ్లి బావ్లా ఆశ్రయం పొందింది. నిఘా మరింత బిగిసింది. ఆమెను ఇంట్లో ఉంచుకుంటే పర్యవసానాలు ఉంటాయని బావ్లాకు హెచ్చరికలు వచ్చాయి. అతడు లెక్కచేయలేదు.

ఈ వరుసక్రమాన్ని ఒకసారి నిదానంగా చూడండి. మొదట కాపలా. తరువాత వెంటాడటం. తరువాత కన్నీళ్లు, బతిమాలడం. తరువాత అండగా నిలిచినవాడికి బెదిరింపులు. చివరికి ఆయుధం. మహారాజు అన్న మాట తీసేస్తే, మన జిల్లా పేజీల్లో వచ్చే ప్రతి హత్యకూ ముందు నడిచే కథ ఇదే. కన్నీళ్ల ఘట్టాన్ని మనం ప్రేమ అంటాం. ఆయుధం ఘట్టాన్ని ఉన్మాదం అంటాం. రెండింటి వెనుకా ఉన్నది ఒకే భావన అని గమనించం: ఆమె నాది, నా అనుమతి లేకుండా వెళ్లడానికి వీల్లేదు. కన్నీళ్లు ఆ హక్కు కోసం చేసిన విన్నపం. కత్తి అదే హక్కు కోసం జారీ అయిన ఉత్తర్వు.

ఇక ఉన్మాదం సంగతి. ఉన్మాదికి ప్రణాళిక ఉండదు. మలబార్ హిల్ దాడికి కారు కావాలి, మనుషులు కావాలి, ఆయుధాలు కావాలి, ఆ సాయంత్రం ఆమె ఏ దారిలో వెళుతుందో తెలియాలి. నిందితుల బోనులో నిలబడిన తొమ్మిది మందిలో ఇండోర్ కొలువులోనివారు ఉన్నారు. ఆనందరావు గంగారాం ఫాన్సే సంస్థాన సైన్యంలో ఉన్నతాధికారి. ఒక స్త్రీ కాదన్నందుకు ఒక రాజ్యపు మనుషులు కదిలారు. ఉన్మాదం జీతాలిచ్చి మనుషులను పోషించదు, అధికారం పోషిస్తుంది.

బొంబాయి హైకోర్టులో న్యాయమూర్తి క్రంప్ ఎదుట విచారణ జరిగింది. దేశమంతా దాన్ని ఆత్రంగా గమనించింది. ఫాన్సే తరఫున వాదించినది మహమ్మద్ అలీ జిన్నా. తన కక్షిదారుకు ఆయన ఉరి తప్పించగలిగాడు. ముగ్గురికి మరణశిక్ష పడింది. మరికొందరికి యావజ్జీవ శిక్ష పడింది. పదేళ్లు ఇండోర్ మహారాజు వద్ద ఉన్న స్త్రీని అపహరించే ప్రయత్నం జరిగినప్పుడు, దాడికి మూలం ఇండోర్‌లో ఉందేమోనని చూడటం అసమంజసం కాదని న్యాయమూర్తి వ్యాఖ్యానించాడు. బోనులో ఉన్నవారి వెనుక ఇంకొందరు ఉన్నారనీ, వారెవరో కచ్చితంగా చెప్పలేమనీ అన్నాడు. కోర్టు అక్కడ ఆగిపోయింది. సంస్థానాధీశుడిని బ్రిటిష్ ఇండియా న్యాయస్థానం బోనెక్కించలేదు.

అక్కడి నుంచి కథ న్యాయం చేతుల్లోంచి రాజకీయం చేతుల్లోకి పోయింది. విచారణ సంఘాన్ని ఎదుర్కొంటారా, గద్దె దిగుతారా అని ప్రభుత్వం తుకోజీరావు ముందు రెండు దారులు పెట్టింది. మలబార్ హిల్ ఘటనతో తనకున్నట్టు చెబుతున్న సంబంధంపై ఇక ఏ విచారణా జరగకూడదన్న అవగాహనతో 1926 ఫిబ్రవరిలో ఆయన కుమారుడు యశ్వంత్‌రావుకు సింహాసనం అప్పగించాడు. ఆయన తండ్రి శివాజీరావు కూడా 1903లో గద్దె దిగినవాడే.

బ్రిటిష్ వారు ఒక నర్తకి గౌరవం కోసం ఒక రాజును దించారని ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు. అది సంస్థానాలకు తమ సార్వభౌమత్వాన్ని గుర్తుచేయడానికి ప్రభుత్వం సందర్భం వెదుకుతున్న కాలం. బేరార్ తిరిగివ్వమని అడిగిన హైదరాబాద్ నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు వైస్రాయ్ రీడింగ్ ఘాటైన లేఖ రాసి, బ్రిటిష్ కిరీటంతో సమానంగా మాట్లాడే హక్కు ఏ సంస్థానాధీశుడికీ లేదని తేల్చినది 1926 మార్చి 27న. ఇండోర్ గద్దె మారి అప్పటికి సుమారు నెల. రెండింటికీ వెనుక ఒకే ప్రశ్న ఉంది: ఈ దేశంలో అంతిమాధికారం ఎవరిది? మలబార్ హిల్ నెత్తురు ఆ ప్రశ్నకు అందివచ్చిన ఉదాహరణ అయింది. దర్యాప్తును పట్టుదలగా నడిపిన బొంబాయి పోలీస్ కమిషనర్ కెల్లీ, పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు రాజీనామా చేస్తానని బెదిరించవలసి వచ్చిందన్నదీ మరువరాదు. ప్రభుత్వానికి కావలసింది న్యాయమే అయితే, సొంత పోలీసు అధికారికి ఆ అవసరం రాదు.

చివరికి ఎవరు ఏం చెల్లించారు? ఆజ్ఞ పాటించినవారికి ఉరితాళ్లు, చెరసాలలు. అనుమానపు నీడ పడిన మహారాజుకు గద్దె లేని రాజభోగం. 1928లో ఆయన నాన్సీ మిల్లర్ అనే అమెరికన్ యువతిని వివాహమాడాడు. 1978 వరకు జీవించాడు. స్వతంత్ర భారతాన్ని చూశాడు, రాజభరణాల రద్దునూ చూశాడు. బావ్లా పాతికేళ్లకే పోయాడు. ముంతాజ్ ఆ గాయంతోనే సాక్ష్యం చెప్పింది. తరువాత సినిమాల్లో అదృష్టం పరీక్షించుకోవడానికి హాలీవుడ్ వెళ్లిందని అంటారు. ఆపైన చరిత్ర ఆమెను పట్టించుకోలేదు. ఈ ఉదంతం ఆధారంగా అదే 1925లో ‘కులీన్ కాంత’ అనే మూకీ చిత్రం వచ్చింది. ఆమె వేదన ఏడాది తిరగకముందే ఇతరులకు వినోదమైంది. కేసు కూడా ఆమె పేరుతో లేదు. అది బావ్లా హత్య కేసు.

నూరేళ్లలో ఏం మారిందని అడగవచ్చు. చట్టం మారింది. ముంతాజ్‌ను ఇండోర్ నుంచి అమృత్‌సర్‌కూ, అక్కడి నుంచి బొంబాయికీ వెంటాడిన పనికి 1925లో చట్టంలో పేరు లేదు. ఢిల్లీ నిర్భయ ఘటన తరువాత, 2013లో భారత శిక్షాస్మృతిలో 354-డి సెక్షన్ చేరింది. స్త్రీ వద్దన్నా వెంటపడటం తొలిసారి స్వతంత్ర నేరమైంది. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. కానీ ఆ చట్టం సభ దాటిన తీరు గుర్తుంచుకోవాలి. లోక్‌సభ చర్చలో శరద్ యాదవ్ లేచి, మనలో అమ్మాయిల వెంటపడనివారెవరని అడిగాడు. సభలో నవ్వులు వినిపించాయి. ఆర్డినెన్సులో బెయిలు దొరకని నేరంగా ఉన్నది, చట్టంగా మారేసరికి మొదటి తప్పుకు బెయిలు దొరికే నేరమైంది. ఆ నవ్వుకూ ఆ సవరణకూ మధ్య దూరం ఎంతో మీరే చెప్పండి.

మన దగ్గరకు వద్దాం. 2004లో విజయవాడలో ఒక విద్యార్థిని తరగతి గదిలోనే హత్యకు గురైంది. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోశారు. కొద్ది రోజులకే ముగ్గురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించారు. జనం పూలదండలతో పోలీసులను అభినందించారు. ఆ ఆవేశాన్ని నేను తప్పుపట్టలేను. ఆ రోజుల్లో నేనూ దానికి అతీతుణ్ణి కాను. కానీ విచారణ జరిగి ఉంటే కొన్ని ప్రశ్నలు బయటికి వచ్చేవి. వెంటపడుతున్న సంగతి ఎవరెవరికి తెలుసు? యాసిడ్ ఎక్కడ దొరికింది? చెప్పినప్పుడు ఎవరు విన్నారు, ఎవరు ఊరుకున్నారు? 1926లో సింహాసన త్యాగం ప్రశ్నలను మూసేసింది. 2008లో తూటాలు మూసేశాయి. సాధనాలు వేరు, ఫలితం ఒక్కటే: నేరం వెనుక నిలబడిన వ్యవస్థ బోనెక్కలేదు.

2025 జనవరికి మలబార్ హిల్ హత్యకు నూరేళ్లు నిండాయి. అదే ఏడాది జూన్ 2న ఇస్లామాబాద్‌లో సనా యూసఫ్ అనే అమ్మాయిని ఆమె ఇంట్లోనే కాల్చి చంపారు. చిత్రాల్ మూలాలున్న ఆ పిల్ల సామాజిక మాధ్యమాల్లో లక్షల మంది చూసే కళాకారిణి. పదిహేడవ పుట్టినరోజు జరుపుకుని వారం కూడా కాలేదు. స్నేహం చేయమని పదే పదే అడిగిన ఒక యువకుడిని ఆమె పదే పదే తిరస్కరించిందని పోలీసులు చెప్పారు. ఆమె మరణం తరువాత కొందరు ఆన్‌లైన్‌లో అడిగింది హంతకుడి గురించి కాదు. ఆడపిల్ల తెర మీద కనిపించడం ఎందుకని. కొలువులో ఆడినా, ఫోను తెరపై నవ్వినా, పదిమంది కోసం ప్రదర్శించిన స్త్రీ పదిమంది సొత్తేనన్న లెక్క ఈ ఉపఖండంలో ఇంకా చెల్లుబాటవుతోంది.

డెస్కులో కూర్చునే నా తోటివారికి, వారు రాసినది చదివేవారికి ఒక చిన్న విన్నపం. ఇకపై ‘ప్రేమోన్మాది’ అని రాయకండి. ‘కాదన్నందుకు హత్య’ అని రాయండి. అప్పుడు తరువాతి వాక్యంలో ఆమె ఎన్నిసార్లు కాదన్నదో, ఎవరితో చెప్పుకున్నదో రాయక తప్పదు. ముంతాజ్ బేగం ఆ మాట ఇండోర్‌లో అన్నది, అమృత్‌సర్‌లో అన్నది, ముఖం మీద గాయంతో బొంబాయి న్యాయస్థానంలోనూ అన్నది. వినవలసినవారు వినడానికి ఒక ప్రాణం పోవలసి వచ్చింది.